క్రెడిట్ అంటే జమా, అప్పా?

తమ్ముడూ, పర్లాకిమిడి నుంచి చికాగో వచ్చి నెల కాలేదు, అప్పుడే 'క్రెడిట్ అంటే జమా, అప్పా' అని అడగాల్సినదే అడిగావు. నేను ఎవరినీ అడగలేదు. డిగ్రీ అంతా ఇంగ్లీషులో చదివాను, ఈపాటి మాట తెలియదా అనుకున్నాను. సవరలనే గిరిజనులను అడిగి అడిగి వాళ్ల భాషకి నిఘంటువు చేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మనది, అడగడానికి సిగ్గుపడకూడదని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఇండియాలో ఫోనుకి 'క్రెడిటెడ్' అని మెసేజ్ వస్తే డబ్బు జమ పడినట్టు. నాకు తెలిసిన అర్థం అదొక్కటే. 2011 డిసెంబరులో 84 డాలర్లు పెట్టి చలికోటు కొన్నాను, భుజాల దగ్గర పట్టేసింది. రసీదు ఎక్కడో పోయింది. తిరిగి ఇస్తే కౌంటర్‌లో అమ్మాయి 'స్టోర్ క్రెడిట్ ఓకేనా' అంది, బ్యాంకులో వేస్తారు కదా అని సరేనన్నాను. చేతిలో ఒక కార్డు పెడితే చూడకుండా పర్సులో వేసుకున్నాను. ఒకటో తారీఖు అద్దె కట్టాలి, రోజుకి నాలుగుసార్లు అకౌంటు చూసుకుంటూ ఒకటే టెన్షన్, చివరికి రూమ్మేట్ దగ్గర అరవై డాలర్లు చేబదులు తీసుకున్నాను. ఆ రూమ్మేటే కార్డు తిప్పి చూసి చెప్పింది, ఈ డబ్బు ఆ షాపులో తప్ప ఇంకెక్కడా చెల్లదని.

ఇక మన బజారు కొట్లలో 'ఆజి నగద, కాలి ఉధార' (ఈరోజు నగదు, రేపు అరువు) అని ఒడియాలో రాసి ఉంటుందే, ఆ ఉధార, మన అరువు, అదీ క్రెడిట్టే. నమ్మడం అనే లాటిన్ మాట నుంచి పుట్టిందిది. అక్కడ షావుకారు నాన్న మొహం చూసి ఖాతా రాస్తాడు, ఇక్కడ అప్పులు ఎలా తీరుస్తున్నామో చెప్పే, 300 నుంచి 850 దాకా ఉండే క్రెడిట్ స్కోరు చూస్తారు. నేను మొదటి క్రెడిట్ కార్డు బిల్లుకి మినిమమ్ డ్యూ, అంటే కనీసం కట్టాల్సిన 25 డాలర్లు కట్టి బాకీ తీరిపోయిందనుకున్నాను, మిగిలినదాని మీద ఐదు నెలలు వడ్డీ పడుతూనే ఉంది! ఇవాళ నా స్కోరు 800 పైన, ఇల్లు నా పేరు మీదే ఉంది, ఎవరూ చేయిపట్టి నేర్పలేదు.

కాలేజీ క్రెడిట్లు వేరు, అవి చదివే కోర్సుల లెక్క, ఎన్ని తీసుకోవాలో మీ యూనివర్సిటీలో చెబుతారు. ఆఫీసులో ఫలానావారికి క్రెడిట్ ఇవ్వాలంటే ఆ ఘనత వాళ్లదని. వీటికీ అప్పుకీ సంబంధం లేదు.

నువ్వు చూసుకోవాల్సింది కార్డే. స్టేట్‌మెంట్ బ్యాలెన్స్ అన్న గడిలో ఎంత ఉంటే అంతా గడువులోపు కట్టు, బిల్లు దానంతటదే కట్టేసే ఆటోపే ఈరోజే పెట్టు. మొదటి స్టేట్‌మెంట్ రాగానే ఫొటో తీసి నాకు పంపు, నంబరు కనపడకుండా వేలు అడ్డం పెట్టి.