టెక్ సందేహాలు: మిక్సర్ మీద ఎర్ర లైట్లు వెలుగుతుంటే ఏ నాబ్ ముందు తగ్గించాలి?

పెళ్లిళ్ల సీజన్ కావడం వల్లనేమో, ఈ వారం వచ్చిన ప్రశ్నలు చాలావరకు డీజే మిక్సర్ గురించే. అందుకే మొబైళ్లనూ ల్యాప్‌టాప్‌లనూ పక్కనపెట్టి ఈసారి అన్నీ వీటికే జవాబులు ఇస్తున్నాను. ఒక్క విషయం గుర్తుంచుకుంటే కింద చెప్పేదంతా తేలిగ్గా అర్థమవుతుంది. మిక్సర్‌లో సౌండ్ పై నుంచి కిందికి పారే నీళ్లలాంటిది. వెనకున్న సాకెట్‌లో మొదలై ట్రిమ్, ఈక్యూ (బేస్, మధ్య, సన్నని శబ్దాలను విడివిడిగా పెంచే, తగ్గించే నాబులు), ఛానల్ ఫేడర్ (ఆ ఛానల్ వాల్యూమ్ మీట), క్రాస్‌ఫేడర్ (ఒక పాట నుంచి ఇంకో పాటకు మార్చే అడ్డ మీట) దాటి మాస్టర్‌కు, అంటే చివరి వాల్యూమ్‌కు చేరుతుంది. పై మడిలో బురద కలిస్తే కింది మడిలో కడగలేం.

ప్రశ్న: మాది కరీంనగర్ దగ్గర పల్లె. మా మేనమామతో కలిసి ఫంక్షన్లకు డీజే వేస్తాను. రెండు బేస్ బాక్సులు, రెండు టాపులు (గొంతు, సన్నని శబ్దాలు వచ్చే బాక్సులు), నాలుగు ఛానళ్ల మిక్సర్ ఉన్నాయి. బరాత్‌లో అందరూ ‘ఇంకా పెంచు’ అంటారు. పెంచితే సౌండ్ పగులుతోంది, ఎర్ర లైట్లు వెలుగుతున్నాయి. మాస్టర్ తగ్గించినా పగులుడు పోవట్లేదు. పెద్ద ఆంప్ (ఆంప్లిఫైయర్) కొనాలా?

జవాబు: ఇప్పుడే కొనకండి. మాస్టర్ తగ్గించినా పగులుడు పోవట్లేదని మీరే రాశారు. అంటే సౌండ్ మాస్టర్ దాకా రాకముందే, ఛానల్ దగ్గరే పాడైపోతోంది. ప్రతి సర్క్యూట్‌కూ ఒక పరిమితి ఉంటుంది. పాట అల అంతకన్నా ఎత్తు లేస్తే దాని తల తెగి చదునవుతుంది. మనం ‘పగులుతోంది’ అనేది దాన్నే. తల తెగిన అలను తర్వాత ఎంత తగ్గించినా తెగిన అలే చిన్నగా వినిపిస్తుంది. దానికి పెద్ద ఆంప్ పెడితే అదే పగులుడు ఇంకా గట్టిగా వినిపిస్తుంది.

ఛానల్‌లో అన్నిటికన్నా పైన ఉండే నాబ్ పేరు ట్రిమ్. కొన్ని మిక్సర్ల మీద గెయిన్ అని రాసి ఉంటుంది. చాలామంది దీన్ని వాల్యూమ్ అనుకుని ఫుల్లుగా తిప్పి వదిలేస్తారు. అది వాల్యూమ్ కాదు, లోపలికి వచ్చే సౌండ్‌ను కొలిచి తీసుకునే మానిక. ఈసారి ఇలా చేసి చూడండి. ఛానల్ ఫేడర్ కిందికి దించండి. ట్రిమ్ పూర్తిగా ఎడమకు తిప్పండి. ఈక్యూ మూడు నాబులనూ నిట్టనిలువుగా, మధ్యలో ఉంచండి. పాటలో అన్నిటికన్నా గట్టిగా ఉండే చోటు, అంటే డప్పులన్నీ పడే చోటు, ప్లే చేయండి. పల్లవి ముందు వచ్చే మెల్లని ఆలాపన దగ్గర కొలిస్తే లెక్క తప్పుతుంది. క్యూ బటన్ (ఆ ఛానల్‌ను హెడ్‌ఫోన్‌లో వినిపించేది) నొక్కి, ఆ ఛానల్ మీటరు చూస్తూ ట్రిమ్ మెల్లగా పెంచండి. ఆకుపచ్చ దాటి సున్నా గీత దగ్గర లైట్లు ఆడుతుంటే చాలు, అక్కడ ఆపండి. ఎరుపు ఒక్కసారి మెరిసినా కొంచెం వెనక్కి తిప్పండి. ఆ తర్వాతే ఫేడర్ పైకి జరపండి. మాస్టర్ మీటరును కూడా ఇలాగే చూసుకోవాలి. ఇంకా సౌండ్ కావాలంటే చివరగా ఆంప్ దగ్గర పెంచండి.

ఇదంతా ఒక్కసారి చేసి వదిలేసేది కాదు, పాట మారినప్పుడల్లా చూసుకోవాలి. 1970ల నాటి పాట, నిన్న విడుదలైన పాట ఒకే గట్టితనంతో ఉండవు. కొత్త రికార్డింగులను బాగా నొక్కి, గట్టిగా వినిపించేలా తయారుచేస్తారు. పాత పాటకు పెంచిన ట్రిమ్‌ను అలాగే ఉంచి కొత్త పాట వేస్తే మొదటి దెబ్బకే ఎర్ర లైట్లు వెలుగుతాయి.

రెండో తప్పు బేస్ నాబ్ దగ్గర జరుగుతుంది. దాన్ని 6 డెసిబెల్స్ పెంచితే ఆ భాగానికి వోల్టేజీ రెండింతలు అవుతుంది, ఆంప్ ఇవ్వాల్సిన పవర్ నాలుగింతలు అవుతుంది. ‘కొంచెం బేస్’ అనుకుని తిప్పింది ఆంప్‌కు అంత బరువు. రెండు పాటలు కలిపేటప్పుడు రెండింటి బేస్ ఒకేసారి తెరవకండి. కొత్త పాట బేస్ పూర్తిగా తగ్గించి తీసుకురండి. సరైన దరువు దగ్గర పాతదాని బేస్ దించుతూ కొత్తదాని బేస్ ఎత్తండి. ఈక్యూ నాబులు ఎక్కువగా ఇలా తగ్గించడానికే పనికొస్తాయి. చాలా మిక్సర్లలో పెంచడానికి 6 డెసిబెల్సే ఇచ్చి, తగ్గించడానికి పాతికకు పైగా ఇచ్చారంటే కారణం ఇదే.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి నా అనుభవమే కారణం. మా బంధువుల పెళ్లిలో సౌండ్ వేసినవాళ్లు సాయంత్రం నుంచీ మీటరును ఎరుపులోనే ఉంచారు. రాత్రి తొమ్మిదికి టాపులు రెండూ మూగబోయాయి. లోపలి తీగచుట్టలు, అంటే కాయిళ్లు, కాలిపోయాయి. తల తెగిన అల అదే ఎత్తులో ఎక్కువ పవర్ మోస్తుంది. గుండ్రటి అల పూర్తిగా చదునైతే పవర్ రెండింతలవుతుంది. పైగా తెగిన అంచుల నుంచి పుట్టే సన్నని శబ్దాలన్నీ టాపులోని చిన్న కాయిల్‌కే పోతాయి. ఆ కుర్రాళ్లు ఆ రాత్రి సంపాదించిన దానికన్నా కాయిళ్లకు పెట్టిన ఖర్చే ఎక్కువ. మీకు అలా కాకూడదు.

ప్రశ్న: మిక్సర్‌లో రెండో ఛానల్ మీటరు ఆడుతోంది, హెడ్‌ఫోన్‌లో పాట వినబడుతోంది, కానీ బాక్సుల్లో రావడం లేదు. కొత్త మిక్సరే. పాడైపోయిందా? (గుంటూరు)

జవాబు: పాడవలేదు. ఛానల్ ఫేడర్ పైకే ఉంటే, దాని దగ్గర ఏ, బీ, త్రూ అని చిన్న స్విచ్ ఉంటుంది, చూడండి. అది బీ మీద ఉండి, అడుగున అడ్డంగా కదిలే క్రాస్‌ఫేడర్ పూర్తిగా ఏ వైపు ఉండుంటుంది. క్రాస్‌ఫేడర్ వాడని వాళ్లు అన్ని ఛానళ్లనూ త్రూలో పెట్టుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

ప్రశ్న: మా నాన్నగారు వదిలి వెళ్లిన ఎల్పీ రికార్డులు నలభై దాకా ఉన్నాయి. పాత టర్న్‌టేబుల్ బాగు చేయించి మిక్సర్‌కు కలిపాను. సౌండ్ పీలగా, బేస్ లేకుండా వస్తోంది. ఫోన్ మాత్రం అదే మిక్సర్‌లో బాగా వస్తోంది. (విశాఖపట్నం)

జవాబు: ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టమైంది, కాస్త వివరంగా చెప్తాను. రికార్డు మీద నడిచే ముల్లు నుంచి వచ్చేది మూడు నుంచి ఐదు మిల్లీవోల్టుల సిగ్నల్ మాత్రమే. ఫోన్, సీడీ ప్లేయర్ లాంటివి దానికన్నా దాదాపు వంద రెట్లు ఎక్కువ ఇస్తాయి. అంతేకాదు, రికార్డు తయారుచేసేటప్పుడే బేస్ తగ్గించి, సన్నని శబ్దాలు పెంచి చెక్కుతారు. లేకపోతే బేస్‌కు గాడి మరీ వెడల్పై, రికార్డులో పాటలు పట్టవు. దాన్ని వినేటప్పుడు తిరగేసి సరిచేయాలి. ఆ కొలతకు 1954 నుంచి ఆర్‌ఐఏఏ అనే ప్రమాణం ఉంది. మిక్సర్‌లో ఫోనో అనే సాకెట్ ఈ రెండు పనులూ చేస్తుంది, సిగ్నల్‌ను పెంచుతుంది, బేస్‌ను తిరిగి తెస్తుంది. మీరు లైన్ సాకెట్‌లో పెట్టి ఉంటారు. ఫోనోలోకి మార్చి, పైనున్న స్విచ్‌ను కూడా ఫోనోకు తిప్పండి. ఆ సాకెట్‌లో పొరపాటున కూడా ఫోన్ పెట్టకండి, చెవులు చిల్లులు పడేలా పగులుతుంది.

రెండు చోట్ల జాగ్రత్త పడాలి. టర్న్‌టేబుల్ నుంచి ఎరుపు, తెలుపు పిన్నులతో పాటు సన్నటి వైరు ఇంకొకటి వస్తుంది. అది ఎర్త్ వైరు. మిక్సర్ వెనక గ్రౌండ్ అని రాసిన మర దగ్గర దాన్ని బిగించకపోతే బుయ్యిమని హోరు వస్తూనే ఉంటుంది. రెండోది, పాత సూట్‌కేస్ ప్లేయర్లలో కొన్నిటికి సిరామిక్ కార్ట్రిడ్జ్ ఉంటుంది. దాని సిగ్నల్ ఎక్కువ కాబట్టి దానికి లైన్ సాకెట్టే సరిపోతుంది. కొత్త టర్న్‌టేబుళ్లలో కొన్నిటికి ఫోనో సర్క్యూట్ లోపలే ఉండి, వెనక స్విచ్ ఇస్తారు. అక్కడ లైన్ పెడితే ఇక్కడా లైనే పెట్టాలి.

నాన్నగారి రికార్డులు మొదటిసారి వేసే ముందు మెత్తటి బ్రష్‌తో దుమ్ము తుడవండి. వాటిని నిలువుగానే నిలబెట్టి దాచండి.

ప్రశ్న: ల్యాప్‌టాప్, కంట్రోలర్‌తో (ల్యాప్‌టాప్‌లోని డీజే సాఫ్ట్‌వేర్‌ను నడిపే నాబుల పెట్టె) ఫంక్షన్ హాల్లో పాటలు వేస్తే బాక్సుల్లో బుర్రుమని ఒకటే హోరు. ఇంట్లో మాత్రం ఏమీ ఉండదు. (విజయవాడ)

జవాబు: ముందు ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. హోరు ఆగిపోతే అది ఎర్త్ లూప్. మీ ల్యాప్‌టాప్ స్టేజీ పక్కన ఒక ప్లగ్‌లో, ఆంప్ ఇంకెక్కడో జనరేటర్ లైన్‌లో ఉంటాయి. రెండు ఎర్త్‌ల మధ్య చిన్న తేడా ఉన్నా, ఆడియో వైరు పైపొర గుండా కరెంటు పారుతుంది. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి ఆ బొంగురు హోరు వినబడుతుంది. ల్యాప్‌టాప్, మిక్సర్, ఆంప్ మూడింటికీ ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకోండి. అలా కుదరకపోతే మిక్సర్‌కూ ఆంప్‌కూ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (సిగ్నల్‌ను దాటిస్తూ రెండు వైపుల ఎర్త్‌లను విడదీసే చిన్న పెట్టె) పెట్టండి. కొందరు చార్జర్ ఎర్త్ పిన్ను విరగ్గొడితే సరి అంటారు. దయచేసి ఆ పని చేయకండి. తడి నేల మీద, ఇనుప స్టేజీ మీద నిలబడి మైక్ పట్టుకునే వాళ్ల ప్రాణానికి ఆ పిన్నే రక్ష.

వైరు కూడా చూసుకోవాలి. ఆర్‌సీఏ పిన్నుల వైరు (ఎరుపు, తెలుపు పిన్నులుండేది) రెండు మూడు మీటర్లకు మించితే దారిలో ఉన్న కరెంటు వైర్ల హోరంతా లాక్కుంటుంది. మామూలు మోనో పీ-38 పిన్నుదీ (పావు అంగుళం లావుండేది) అదే గుణం. దూరం పోవాలంటే మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ వాడండి. అందులో రెండు తీగల మీద ఒకే సిగ్నల్ ఒకటి సూటిగా, ఒకటి తిరగేసి పోతుంది. దారిలో కలిసిన హోరు రెండింటి మీదా ఒకేలా పడుతుంది కాబట్టి, అవతల తేడా తీసినప్పుడు హోరు కొట్టేసుకుపోయి పాట మిగులుతుంది. మీ కంట్రోలర్‌కు ఆర్‌సీఏ మాత్రమే ఉంటే చిన్న వైరుతో డీఐ బాక్స్ దాకా తెచ్చి, అక్కడి నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్ లాగండి.

ప్రశ్న: డాలస్‌లో చదువుకుంటున్నాను. మా తెలుగు సంఘం సంక్రాంతి కార్యక్రమానికి పాటలు వేయమన్నారు. కొత్త కంట్రోలర్ కొన్నాను. హెడ్‌ఫోన్‌లో తర్వాతి పాట వినాలంటే బయట మోగుతున్న పాటే వస్తోంది.

జవాబు: హెడ్‌ఫోన్ సాకెట్ దగ్గర ఒక వైపు క్యూ, ఇంకో వైపు మాస్టర్ అని రాసిన నాబ్ చూడండి. అది మాస్టర్ వైపు ఉండి ఉంటుంది. క్యూ వైపు తిప్పి, తర్వాతి పాట ఉన్న ఛానల్ క్యూ బటన్ వెలిగేలా నొక్కండి. ఇప్పుడు మోగుతున్న పాట క్యూ ఆపేయండి. అప్పుడు చెవిలో కొత్త పాట ఒక్కటే వస్తుంది. రెండింటి దరువు కుదిరిందా అని వినడానికి నాబ్‌ను మధ్యకు తెచ్చుకోవచ్చు. అప్పటికీ రాకపోతే సాఫ్ట్‌వేర్‌లోని ఆడియో సెట్టింగ్ తెరిచి, అవుట్‌పుట్‌గా ల్యాప్‌టాప్ స్పీకర్ కాకుండా కంట్రోలర్ పేరు ఉందో లేదో చూడండి. సాధారణంగా అవుట్‌పుట్ 1-2 మాస్టర్‌కు, 3-4 హెడ్‌ఫోన్‌కు ఇస్తారు.

హాల్లో గోల ఎక్కువగా ఉంటే హెడ్‌ఫోన్ పెంచుకుంటూ పోతాం. 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు ఉండొచ్చు గానీ, 100 డెసిబెల్స్‌లో పావుగంటే మేలని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క. ఒక చెవికే పెట్టుకోండి, పాట కలిపాక తీసేయండి.

ప్రశ్న: షష్టిపూర్తికి పాత పాటలు పెట్టాం. పందిరికి ఒక వైపు కూర్చున్న వాళ్లకు గొంతు సరిగ్గా వినబడలేదు, ఇంకో వైపు వాళ్లకు వాయిద్యాలు లేవు. (రాజమండ్రి)

జవాబు: స్టీరియో పాటను (ఎడమకు, కుడికి వేర్వేరు సౌండ్ ఉండేది) దూరదూరంగా ఉన్న రెండు బాక్సులకు ఇస్తే ఇలాగే అవుతుంది. తొలినాళ్ల స్టీరియో రికార్డింగుల్లో గొంతును ఒక పక్కకు, వాయిద్యాలను ఇంకో పక్కకు పెట్టడం మామూలే. చాలా మిక్సర్లలో వెనక గానీ సెట్టింగుల్లో గానీ మోనో, స్టీరియో స్విచ్ ఉంటుంది, మోనోకు మార్చండి, రెండు బాక్సుల్లోనూ ఒకే సౌండ్ వస్తుంది. ఫోన్ నుంచి ఈపీ పిన్నుతో (ఇయర్‌ఫోన్ పిన్ను) ఇస్తుంటే యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో మోనో ఆడియో ఆన్ చేసుకోవచ్చు. ఎడమ, కుడి అవుట్‌పుట్‌లను ఒక వైరుతో ముడివేసి మోనో చేయొద్దు. అవి ఒకదాన్ని ఒకటి నెట్టుకుని పాడవుతాయి.

ప్రశ్న: కరెంటు ఆన్ చేసినప్పుడల్లా బాక్సుల్లో ధబ్‌మని పేలినట్లు శబ్దం వస్తోంది. (వరంగల్)

జవాబు: ఆంప్‌ను ముందు ఆన్ చేస్తున్నారు. మిక్సర్, ల్యాప్‌టాప్ ముందు ఆన్ చేసి, మాస్టర్ సున్నాలో ఉంచి, ఆంప్ అన్నిటికన్నా చివర ఆన్ చేయండి. ఆపేటప్పుడు దీనికి తిరగేసి ముందు ఆంప్, తర్వాతే మిక్సర్. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఆరుబయట రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు మోగించకూడదు కదా. పది కాగానే హడావిడిగా మెయిన్ స్విచ్ దించేస్తారు, ఆ ఒక్క ధబ్‌తో బాక్సులు పోవచ్చు. పదికి ఐదు నిమిషాల ముందే మాస్టర్ మెల్లగా దించి, ఆంప్ ఆపేయండి.