సినిమా సందేహాలు: కాలిగులాకి శిక్ష పడలేదేంటి?

ప్రశ్న: 1944లో వచ్చిన స్వీడిష్ సినిమా 'హెట్స్' చూశానండీ. కుర్రాడు యాన్ ఎరిక్ ప్రేమించిన బెర్తా చనిపోయిన చోటే, పిల్లలు కాలిగులా అని పిలిచే ఆ లాటిన్ మాస్టారు దాక్కుని దొరికాడు కదా, అయినా బయటికొచ్చేశాడు, వాణ్ణి కొట్టిన యాన్ ఎరిక్‌నేమో స్కూల్లోంచి గెంటేశారు. ఇదెక్కడి న్యాయం?

జవాబు: మీ కోపం కరెక్టే గానీ, చట్టం లెక్కలో అతను చంపలేదండీ. పోస్ట్‌మార్టంలో గుండె ఆగి పోయిందని తేలింది, ఇంక పోలీసులు మాత్రం ఏం చేస్తారు, వదిలేశారు. ఆ అమ్మాయి రాత్రుళ్ళు ఎంత హడలిపోయిందో, పేరు కూడా చెప్పలేక ఎవరో వెంటపడుతున్నాడని ఎలా తాగి ఏడ్చిందో అవేవీ రిపోర్టులో రావుగా. నా మటుకు సినిమా అంతా ఇక్కడే ఉంది, స్కూల్లో పిల్లల్ని పీడించడం, బయట ఈమెని పీడించడం రెండూ అతనికి ఒకటే జబ్బు, పైగా రెండు చోట్లా రూల్స్ అతని వైపే ఉన్నాయి. అతని చేతిలో పేపర్ గమనించారా? దాగ్స్‌పోస్టెన్, అప్పట్లో నాజీలని వెనకేసుకొచ్చిన స్వీడిష్ పత్రిక. యుద్ధం ఇంకా నడుస్తుండగానే, తటస్థంగా ఉన్న దేశంలో ఇలా చూపించారంటే ధైర్యమే మరి. ఇక శిక్ష అంటారా, చివర్లో మెట్ల మీద నన్ను ఒంటరిగా వదిలి వెళ్ళకు అని ఆ కుర్రాడినే బతిమాలతాడు చూడండి, మాస్టారుగా వేసిన స్టిగ్ యారెల్ అక్కడ ఎంత బాగా చేశాడంటే నాకు ఒక్క క్షణం జాలేసింది, ఆ జాలి వచ్చినందుకు నా మీద నాకే చిరాకేసింది.

ప్రశ్న: ఇది బెర్గ్‌మన్ సినిమానా కాదా? ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తున్నారు.

జవాబు: డైరెక్టర్ ఆల్ఫ్ షోబెర్గ్. స్క్రిప్ట్ ఇంగ్మార్ బెర్గ్‌మన్‌ది, తర్వాత పెద్ద పేరున్న డైరెక్టర్ అయ్యాడు గానీ అప్పటికి పాతికేళ్ళవాడు. ముందు అనుకున్న ముగింపు మరీ చీకటిగా ఉందని స్టూడియోవాళ్ళు అంటే ఇంకొంచెం రాశాడు, కుర్రాడు పొద్దున్నే వెలుతుర్లోకి నడిచొచ్చే ఆఖరి అవుట్‌డోర్ షాట్లు కూడా తనే తీశాడు. కాబట్టి అవునన్నవాళ్ళూ కాదన్నవాళ్ళూ కొంచెం కొంచెం కరెక్టే. నాకైతే ఆ ఎండ కాస్త అతికించినట్టే అనిపిస్తుంది. 1946లో కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో పెద్ద అవార్డు గ్రాండ్ ప్రీ వచ్చింది, కాకపోతే ఆ ఏడాది చాలా సినిమాలకి కలిపి ఇచ్చార్లెండి.

ప్రశ్న: బెర్తాగా వేసినావిడ ఎవరు?

జవాబు: మాయ్ సెటర్లింగ్. తర్వాత 1960ల్లో తనే డైరెక్టర్ అయి సినిమాలు తీసింది, దొరికితే అవి కూడా చూడండి.