బిందువు కాదు, చుక్క

సందేహం: విజయనగరంలో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. సైన్స్ దినోత్సవానికి తెలుగులో మాట్లాడమన్నారు. ‘క్వాంటమ్ నెట్‌వర్క్ కోసం క్వాంటమ్ డాట్‌ని ఆప్టికల్ కేవిటీతో కపుల్ చేయడం’ అన్నదాన్ని ‘క్వాంటమ్ బిందువును దృక్ కుహరంతో యుగ్మీకరించుట’ అని రాసుకున్నాను. ఇంట్లో చదివితే మా అమ్మ ‘ఏట్రా ఇది, మంత్రమేటి?’ అంది. ఏం మార్చాలి?

సమాధానం: ముందు ‘బిందువు’ తీసేయండి. లెక్కల్లో బిందువుకు పొడవూ వెడల్పూ ఉండవు. క్వాంటమ్ డాట్‌కి సంగతంతా సైజులోనే ఉంది. కొద్ది నానోమీటర్ల సెమీకండక్టర్ రేణువు అది. అదే పదార్థమైనా చిన్నదైతే నీలం వైపు, పెద్దదైతే ఎరుపు వైపు వెలుగుతుంది. 2023 కెమిస్ట్రీ నోబెల్ వీటికే వచ్చింది. ముగ్గులో చుక్కకు సైజు ఉంటుంది, వేళ్ల సందున పిండి ఎక్కువ జారితే లావవుతుంది. అందుకని ‘క్వాంటమ్ చుక్క’. రెండు భాషల మాటలు కలిపిన వైరి సమాసమని ఎవరైనా అంటారేమో! రైలుబండికి లేని దోషం దీనికెందుకు?

‘కుహరం’ అనగానే ఉదర కుహరంలా లోపల బోలు అనిపిస్తుంది. ఆప్టికల్ కేవిటీలో ఒక్కోసారి బోలే ఉండదు. సన్నటి స్తంభంలా చెక్కిన గట్టి పదార్థం, నడుమ చుక్క, పైనా కిందా అద్దాల్లా పనిచేసే పొరలు. వాటి మధ్య కాంతి పైకీ కిందికీ తిరుగుతూ కాసేపు నిలుస్తుంది. పాత ఇళ్ల గోడల్లో దీపం గూడు గుర్తుందా? నేనైతే ‘కాంతి గూడు’ అంటాను.

అసలు చిక్కు ‘కపుల్’తోనే. ‘జోడించడం’ అంటే జిగురు పెట్టి అతికించినట్టుంటుంది. చుక్క ఇప్పటికే గూట్లో ఉంది కదా! బొబ్బిలి వీణను చూడండి. పనసమొద్దును తొలిచి కుండ చేస్తారు. ఉత్త తీగను బిగించి మీటితే సన్నగా వినిపిస్తుంది. కుండతో కలిస్తే గది నిండుతుంది. అలాగే చుక్క విడిచే కాంతి రంగూ, గూడు నిలిపే కాంతి రంగూ ఒకటైతే, చుక్క త్వరగా, ఎక్కువగా ఆ గూటి దారినే ఫోటాన్‌ను, అంటే కాంతి కణాన్ని, విడుస్తుంది. చుట్టూ ఉన్నదాన్ని బట్టి ఈ వేగం మారుతుందని భౌతిక శాస్త్రవేత్త పర్సెల్ 1946లోనే చెప్పాడు. ప్రయోగశాలలో ఉష్ణోగ్రత కాస్త మార్చి రెండు రంగులనూ ఒకటి చేస్తారు. దాన్ని ‘శ్రుతి చేయడం’ అనండి. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు మీది, విడమరచి చెప్పక్కర్లేదు. శ్రుతి కుదిరాక పడేది ‘లంకె’, మీ ‘కపుల్’ అదే. ఈ రెంటినీ కలిపేయకండి.

‘నెట్‌వర్క్’, ‘ఫోటాన్’, ‘ఫైబర్’ ఉన్నవి ఉన్నట్టే ఉంచండి. అమ్మగారికి ఇలా చదివి వినిపించండి: ‘క్వాంటమ్ చుక్కను కాంతి గూట్లో పెట్టి, రెండింటికీ శ్రుతి కలిపి లంకె వేస్తే, చుక్క విడిచే ఒక్కొక్క ఫోటాన్ ఫైబర్ దారి పట్టి దూరాన ఉన్న ఇంకో చుక్కకు కబురు మోస్తుంది.’