లెక్కల్లో తప్పినా కాలేజీలో చేరొచ్చా?

ప్రశ్న: స్కూలు చివరి పరీక్షల్లో లెక్కలు రెండుసార్లు తప్పాను. మిగతా సబ్జెక్టుల్లో మంచి మార్కులే వచ్చాయి. సైకాలజీ గానీ నర్సింగ్ గానీ చదవాలని ఉంది. మళ్లీ పుస్తకమంతా మొదటి నుంచి చదవాలా? లేక లెక్కలు అక్కర్లేని కోర్సు చూసుకోవాలా?

జవాబు: మొదటి నుంచి వద్దండీ. అలా మొదలుపెడితే తొలి పాఠాలు బాగా వస్తాయి, మార్కులు ఎక్కువున్నవి పరీక్ష నాటికి అలాగే మిగిలిపోతాయి. ముందు ఒక పాత ప్రశ్నపత్రం టైమ్ పెట్టుకుని రాయండి. తప్పిన ప్రతి లెక్క పక్కనా కారణం రాయండి: పద్ధతి తెలియలేదా, తెలిసీ మధ్యలో జారిందా, ప్రశ్న అర్థం కాలేదా, టైమ్ చాలలేదా.

పద్ధతి తెలియలేదు అనుకున్నచోట చాలాసార్లు కింది తరగతుల లోటే బయటపడుతుంది. 7 − (2 − 5) చేసి చూడండి. బ్రాకెట్ విప్పితే 7 − 2 + 5, అంటే 10. లోపలి గుర్తు మార్చడం మరిచిపోతే 0 వస్తుంది. (3 + 4)² అంటే 49. విడివిడిగా వర్గాలు చేసి కలిపితే వచ్చేది 25. సగానికి మూడోవంతు కలిపి 2/5 అని రాసేవాళ్లున్నారు. 2/5 సగం కంటే తక్కువ కదా, కలిపాక తగ్గుతుందా? సరైన జవాబు 5/6. భిన్నాలు, గుర్తులు, బ్రాకెట్లు గట్టిపడకుండా సమీకరణాల జోలికి వెళ్లకండి.

తప్పిన లెక్కను జవాబు చూడకుండా మర్నాడు ఒకసారి, వారం తర్వాత మరోసారి చేయండి. చూసి అర్థమైందనుకోవడం వేరు, చేయగలగడం వేరు. పాఠాలు కలిపి సాధన చేయడం కూడా తప్పనిసరి, ఎందుకంటే ఏ లెక్కకు ఏ పద్ధతో పరీక్షలో ఎవరూ చెప్పరు. 100 మార్కులకు 3 గంటలుంటే సరిచూసుకోవడానికి 20 నిమిషాలు తీసేయండి. 5 మార్కుల లెక్కకు 8 నిమిషాలే మిగులుతాయి. అది దాటితే వదిలి ముందుకెళ్లండి.

ఇక కోర్సు సంగతి. సాహిత్యం, చరిత్ర, భాషల్లో లెక్కల అవసరం తక్కువ. సైకాలజీలో స్టాటిస్టిక్స్ తప్పదు: సగటు, ప్రామాణిక విచలనం (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పేది), సహసంబంధం (రెండు విషయాలు కలిసి ఎలా మారుతాయో చెప్పేది). నర్సింగ్‌లో మందు మోతాదు లెక్కలుంటాయి. 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములుండే సిరప్‌తో 400 మిల్లీగ్రాములు ఇవ్వాలంటే 8 మిల్లీలీటర్లు. ఇదంతా అనుపాతమే, నేర్చుకుంటే వస్తుంది. కాబట్టి లెక్కల భయంతో మాత్రం ఇష్టమైన కోర్సు వదులుకోకండి. కాలేజీని ముందే అడగండి: లెక్కల్లో విడిగా కనీస మార్కులు కావాలా, మళ్లీ రాసిన మార్కులు లెక్కలోకి తీసుకుంటారా, చేరాక లోటున్న పాఠాలు నేర్పే బ్రిడ్జి కోర్సు ఉందా. అర్హత నిబంధనలతో ఆగకుండా రెండో ఏడాది సిలబస్‌లో లెక్కలు ఎంతున్నాయో కూడా చూడండి.

ప్రశ్న: మా అబ్బాయి పాఠాలన్నీ బాగా చదువుతాడు. లెక్కల్లో మాత్రం ఇప్పటికీ వేళ్లు లెక్కపెడతాడు, 36ని 63 అని రాస్తాడు. అశ్రద్ధేనా?

జవాబు: అశ్రద్ధ అని తీర్మానించకండి. చిన్నప్పటి నుంచీ ఇలాగే ఉంటే డిస్కాల్క్యులియా (అంకెలు, లెక్కలు నేర్చుకోవడంలో ఉండే ప్రత్యేకమైన ఇబ్బంది) కావచ్చు. ఈ లక్షణాలతోనే తేల్చలేం, సైకాలజిస్ట్‌తో పరీక్ష చేయించాలి. నిర్ధారణ అయితే అదనపు సమయం వంటి సౌకర్యాలు ఏమున్నాయో పరీక్షల బోర్డును అడగండి. వాటికి సాధారణంగా పరీక్షకు ముందే దరఖాస్తు చేయాలి, ఫలితాలొచ్చాక అడిగితే ప్రయోజనం ఉండదు.