జీతం లేని పదవి కూడా చెప్పాలా?
పరిశోధకుల సందేహాలు – సమాధానాలు

ప్ర: యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా పనిచేస్తున్నాను. వేరే దేశంలోని ఒక విశ్వవిద్యాలయం నన్ను గౌరవ ఆచార్యుడిగా తీసుకుంది. జీతం లేదు. ఏటా రెండు నెలలు అక్కడి ల్యాబ్‌లో ఉండి ఇద్దరు విద్యార్థుల పని చూస్తాను. డబ్బు ముట్టనప్పుడు దీన్ని మా డీన్‌కీ, గ్రాంటు ఇచ్చే సంస్థకీ చెప్పాలా?

జ: ఇద్దరికీ చెప్పాలండీ. మీ లాభం మీ శాస్త్రీయ నిర్ణయాన్ని వంచే ప్రమాదాన్ని కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంటరెస్ట్ అంటారు. ఒకరికి మాటిచ్చిన పనివేళల్ని మరొకరికి పంచిపెట్టడం కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ కమిట్‌మెంట్. మొదటిదానికి అందరూ ఫారం నింపుతారు. రెండోదాన్ని, రూపాయి కనబడదు కాబట్టి, వదిలేస్తారు. మా దృష్టికి ఎక్కువ ఇబ్బందులు తెచ్చేది ఇదే.

ఒకసారి లెక్క వేసి చూడండి. దరఖాస్తుల్లో శ్రమను పర్సన్-మంత్‌లలో, అంటే ఒక మనిషి ఒక నెల చేసే పని లెక్కన, చూపుతారు. ఏడాదికి ఉన్నవి 12. బోధన, శాఖ పనులకు 4 నెలలు, మొదటి గ్రాంటుకు 3, రెండోదానికి 3, కొత్త దరఖాస్తుకు 1 అనుకుంటే 11 అయ్యాయి. విదేశీ ల్యాబ్‌లో 2 కలిపితే 13. ఏ కాగితాన్ని విడిగా చూసినా తప్పు దొరకదు. అన్నీ పక్కపక్కన పెట్టినప్పుడే ఆ పదమూడో నెల బయటపడుతుంది. వారానికి ఒక రోజు కన్సల్టింగ్‌కు అనుమతి ఉన్నచోట కూడా అంతే: ఆ ఒక్కరోజు ఏడాది పొడవునా సాగితే దాదాపు 2.4 నెలలు.

అమెరికాలో వైద్య పరిశోధనకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ గ్రాంటు ఉంటే నియమం స్పష్టం. గౌరవ పదవి, విజిటింగ్ పదవి, జీతం లేనిదైనా సరే, దరఖాస్తుతో ఇచ్చే పరిశోధకుడి వివరాల పత్రం బయోస్కెచ్‌లో రాయాలి. మీ పరిశోధనకు బయటినుంచి దొరికే ల్యాబ్ స్థలం, పరికరాలు, వేరొకరు స్టైపెండ్ ఇచ్చే విద్యార్థులు కూడా వెల్లడించాల్సినవే. 2022 జనవరి నుంచి విదేశీ ఒప్పందాల ప్రతులు జతచేయాలి. ఇంగ్లీషులో లేకపోతే అనువాదంతో సహా.

సంతకానికి ముందు ఒప్పందంలో చూడాల్సినవి: ఫలితాల మీద హక్కు ఎవరిది, పేపర్లలో వాళ్ల సంస్థ పేరు తప్పనిసరిగా వేయాలా, అక్కడికి మరికొందరిని చేర్చాలన్న షరతు ఉందా, మానుకోవాలంటే ఎలా. ‘ఈ ఒప్పందం సంగతి మీ సంస్థకు చెప్పకూడదు’ అన్న వాక్యం ఎక్కడున్నా సంతకం పెట్టకండి. దాన్ని బేరమాడి మెత్తబరచే పని కూడా వద్దు.

ప్ర: మా ల్యాబ్‌కు నిధులిచ్చే కంపెనీ ‘ఫలితాల ప్రచురణకు మా లిఖితపూర్వక అనుమతి కావాలి’ అని రాసింది. మామూలు షరతేనా?

జ: కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బెటీ డాంగ్ థైరాయిడ్ మందుల్ని పోల్చి చూసినప్పుడు, నిధులిచ్చిన బూట్స్ కంపెనీతో కుదిరిన ఒప్పందంలో ఇలాంటి వాక్యమే ఉంది. కంపెనీ ఖరీదైన మందుకూ చవక మందులకూ తేడా లేదని తేలింది. ప్రచురణకు సిద్ధమైన ఆ పేపర్‌ను 1995లో ఉపసంహరించుకోవాల్సి వచ్చింది. అది పాఠకులకు చేరింది 1997లో. ఆ రెండేళ్లూ రోగులు, వైద్యులు తెలుసుకోవాల్సిన విషయం ఒక సంతకం వెనక ఆగిపోయింది.

‘అనుమతి’ అన్న మాట తీయించి ‘సమీక్ష’ అని రాయించండి. కంపెనీకి 30 రోజులు చదివే గడువు, పేటెంటు వేయాల్సి ఉంటే మరో 30 రోజులు. ఆ గడువులో వాళ్లు తమ రహస్య సమాచారాన్ని గుర్తించవచ్చు. ఫలితాన్ని, ముగింపును మార్చమనే హక్కు ఉండకూడదు. విద్యార్థి థీసిస్ సమర్పణ, డిఫెన్స్ (దాని మీద జరిగే మౌఖిక పరీక్ష) ఈ గడువుల వల్ల ఆగకూడదని విడిగా రాయించండి. లేకపోతే మీ బేరానికి మూల్యం విద్యార్థులు చెల్లిస్తారు.

ప్ర: ఒక కంపెనీ ల్యాబ్‌లోకి వెళ్లేముందు విజిటర్ ఫారం మీద సంతకం పెట్టమన్నారు. చదవాలా?

జ: ప్రతి పంక్తీ చదవాలి. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడొకరు డీఎన్‌ఏకు లెక్కలేనన్ని నకళ్లు తీసే పీసీఆర్ పద్ధతి నేర్చుకోవడానికి సెటస్ కంపెనీకి వెళ్లి ఇలాంటి కాగితం మీదే సంతకం చేశారు. విశ్వవిద్యాలయానికి ఆయన రాసిచ్చింది హక్కులు ‘బదిలీ చేయడానికి ఒప్పుకుంటున్నాను’ అని. సెటస్ కాగితంలో ఉన్నది ‘ఇందుమూలంగా బదిలీ చేస్తున్నాను’ అని. మొదటిది ఇకముందు చేస్తానన్న మాట, రెండోది అప్పుడే చేసిన బదిలీ. రక్తంలో హెచ్‌ఐవీని కొలిచే పద్ధతి మీద వివాదం అమెరికా సుప్రీంకోర్టుదాకా వెళ్లి, 2011లో తీర్పు స్టాన్‌ఫోర్డ్‌కు వ్యతిరేకంగా వచ్చింది. ఫారాన్ని ముందురోజే తెప్పించుకుని, మీ సంస్థలో పేటెంట్లు, హక్కుల సంగతి చూసే టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ ఆఫీసుకు పంపండి.

ప్ర: మూడేళ్లుగా ఒక బయటి పదవిని ఎక్కడా రాయలేదు. ఇప్పుడు చెబితే చిక్కేమో?

జ: ఎవరూ అడగకముందే చెప్పండి. హార్వర్డ్ రసాయన శాస్త్రజ్ఞుడు చార్లెస్ లీబర్ 2021 డిసెంబర్‌లో దోషిగా తేలింది వూహాన్‌లోని విశ్వవిద్యాలయంతో సంబంధం పెట్టుకున్నందుకు కాదు. దాని గురించి అడిగినప్పుడు అబద్ధం చెప్పినందుకు, పన్ను పత్రాల్లో ఆదాయం, విదేశీ బ్యాంకు ఖాతా వివరాలు ఇవ్వనందుకు. మీ గ్రాంట్ల ఆఫీసుకు రాసే ఉత్తరంలో పదవి పేరు, మొదలైన తేదీ, ఏటా వెచ్చించిన రోజులు, అందిన డబ్బు, ప్రయాణ ఖర్చులు, ఆ కాలంలో మీరు పంపిన దరఖాస్తులు, నివేదికల జాబితా ఉండాలి. సంజాయిషీ రెండు వాక్యాలు చాలు. ఒప్పందం ప్రతి జతచేయండి, పాత ఈమెయిళ్లు ఒక్కటీ తీసేయకండి. గ్రాంటు సంస్థకు మీరు నేరుగా రాయకుండా ఆఫీసు ద్వారానే పంపించండి.