లీడ్స్ వచ్చే ముందు తిండి గురించి రెండు మాటలు

అమ్మలూ,

సూట్‌కేసులో సగం పచ్చళ్లతోనే నిండిపోయిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆవకాయ, గోంగూర, కందిపొడి తెచ్చుకో, వాటితో ఇబ్బంది లేదు. చికెన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా మాత్రం తీసి పక్కన పెట్టు. మన దేశం నుంచి వచ్చేవాళ్లు మాంసం, పాలతో చేసినవి ఇంగ్లండుకి తేకూడదు. ఎయిర్‌పోర్టులో కంటపడితే అంతా చెత్తబుట్ట పాలే.

ఇంగ్లండు తిండి ఉప్పూ కారం లేని చప్పిడి తిండి అని నీకు ఇప్పటికే పదిమంది చెప్పుంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940 జనవరిలో ఇక్కడ రేషన్ మొదలైంది. మాంసం మీద రేషన్ ఎత్తేసేసరికి 1954 జులై వచ్చింది. వెన్న, చక్కెర, మాంసం కొలిచి ఇస్తున్న ఆ రోజుల్లోనే ఒక తరం మొత్తం వంట నేర్చుకుంది. అప్పట్లో ఆలివ్ నూనె కావాలంటే మందుల షాపుకి వెళ్లాల్సి వచ్చేది, అదీ చెవిలో వేసుకోవడానికి. ఇప్పటికీ కొందరు ఆ కాలం నాటి రుచినే పట్టుకుని మాట్లాడుతుంటారు. ఆ తర్వాత ఈ దేశం నోరు ఎంత మారిందంటే, 2001లో విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ చికెన్ టిక్కా మసాలాని అసలైన బ్రిటిష్ జాతీయ వంటకం అన్నాడు.

కాబట్టి వాళ్ల తిండి గురించి నాకు బెంగ లేదు. వాళ్లు ఈమధ్య పట్టుకున్న అలవాట్లంటేనే టెన్షన్. ఇక్కడికొచ్చిన మన పిల్లలకి ముందు అంటుకునేవి అవే. మధ్యాహ్నం సూపర్‌మార్కెట్లో మీల్ డీల్: ఫ్రిజ్‌లోంచి తీసిన శాండ్‌విచ్, ఆలూ చిప్స్ ప్యాకెట్, కూల్‌డ్రింక్, మూడూ కలిపి ఒకటే రేటు. అది లాప్‌టాప్ ముందు ఒక్కళ్లే కూర్చుని తినేస్తారు. రాత్రికి మైక్రోవేవ్‌లో రెడీమీల్, అంటే ముందే వండి ప్యాక్ చేసింది. ఇక్కడి జనానికి అందే కేలరీల్లో సగానికి పైగా ఇలా ఫ్యాక్టరీలో బాగా ప్రాసెస్ చేసిన వాటి నుంచే వస్తున్నాయి. కడుపు ఉబ్బరంగా ఉంది ఆంటీ అని ఫోన్ చేసే పిల్లల్ని ఏం తింటున్నారమ్మా అని అడిగితే ఈ లిస్టే చదువుతారు. పైగా ఇంగ్లిష్ తిండికి అలవాటు పడుతున్నాం అంటారు! మా వీధిలో ఏ ఇంగ్లిష్ ముసలావిడా దాన్ని భోజనం అనదు.

నువ్వు ఆ ముసలావిడల దారి పట్టు. శనివారం పొద్దున్నే సంచీ పట్టుకుని కర్క్‌గేట్ మార్కెట్‌కి వెళ్లు. మైఖేల్ మార్క్స్ 1884లో పెన్నీ బజార్ పెట్టింది ఆ మార్కెట్లోనే. అదే పెరిగి మార్క్స్ అండ్ స్పెన్సర్ అనే పెద్ద షాపుల కంపెనీ అయింది, 1979లో చికెన్ కీవ్ (వెల్లుల్లి వెన్న కూరిన కోడి ముక్క) ప్యాక్ చేసి అమ్మి రెడీమీల్స్‌ని ఇంటింటికీ అలవాటు చేసింది కూడా వాళ్లే. నువ్వు మాత్రం కూరగాయల దగ్గరే ఆగు. బుల్లి క్యాబేజీల్లాంటి బ్రసెల్స్ స్ప్రౌట్స్ వాసనంటే అందరూ ముక్కు మూసుకుంటారు, ఎక్కువసేపు ఉడకబెడితే వచ్చే కంపు అది. సన్నగా తరిగి, ఆవాలు, శనగపప్పు, ఎండుమిర్చి పోపులో మూత పెట్టకుండా పెద్దమంట మీద వేయించి, దించేముందు కొబ్బరి చల్లు. కేల్ ఆకుతో పప్పు చెయ్యి. పులుపు కావాలంటే బ్రామ్లీ అనే పచ్చ యాపిల్ ఉంది, కోరి పులిహోరలో కలిపితే మామిడికాయ లేని లోటు చాలావరకు తీరుతుంది.

అన్నిటికంటే నీకు నచ్చేది రూబార్బ్ అనే పుల్లటి కాడల మొక్క. మన లీడ్స్‌కీ వేక్‌ఫీల్డ్‌కీ మధ్య ఊళ్లలో చలికాలం చీకటి షెడ్లలో పెంచి, వెలుతురు తగిలితే కాడ పాడవుతుందని కొవ్వొత్తుల వెలుగులో కోస్తారు. గులాబీరంగు కాడలు, లేతగా ఉంటాయి. వసంతంలో ఆరుబయట పెరిగేది ఇంకా పుల్లన, పప్పుకి అదే బాగుంటుంది. ఇంగ్లిష్ వాళ్లు చక్కెర గుమ్మరించి క్రంబుల్ అనే తీపి వంటకం చేస్తారు, అదీ తిను. ఇంట్లో మాత్రం కందిపప్పు విడిగా మెత్తగా ఉడికించుకో. వెల్లుల్లి పోపులో పచ్చిమిర్చి, వేలెడు ముక్కలుగా కోసిన రూబార్బ్ వేస్తే నాలుగైదు నిమిషాల్లో కరిగి ముద్దవుతుంది. అప్పుడు పప్పు కలుపు. గోంగూర పప్పుకి దగ్గర చుట్టం. ఆకులు మాత్రం విషం, కాడలే వాడాలి. మార్కెట్లో ఆకులు కొట్టేసే ఇస్తారులే, ఎవరైనా పెరట్లోంచి కోసిచ్చినప్పుడు జాగ్రత్త.

బయట తినేటప్పుడు అడగడానికి మొహమాటపడకు. చేపలూ చిప్సూ అమ్మే షాపుల్లో మన యార్క్‌షైర్ వైపు చాలామంది గొడ్డు కొవ్వులో వేయిస్తారు. తినకపోతే ముందే అడుగు. వూస్టర్ సాస్‌లో మన చింతపండు ఉంటుంది, చేప కూడా ఉంటుంది. ఇంగ్లిష్ ఆవ చెంచా నిండా వేసుకోకు, ఆవకాయ తిని పెరిగినదానివైనా నషాళానికి అంటుతుంది. పబ్బులో వెయిటర్ కోసం ఎదురుచూస్తూ కూర్చోకు, చాలాచోట్ల కౌంటర్ దగ్గరికే వెళ్లి ఆర్డరిచ్చి డబ్బు కట్టాలి. ఎవరైనా ఇంటికి భోజనానికి పిలిస్తే, ఏవి తినవో రెండ్రోజుల ముందే చెప్పు. ఇక్కడ శాకాహారుల సంఘం 1847 నుంచీ, పాలు, గుడ్లు కూడా ముట్టని వీగన్ల సంఘం 1944 నుంచీ ఉన్నాయి. ఈమధ్య వీగన్లు మరీ పెరిగారు, అందుకే ముందే చెబితే ఎవరూ ఏమీ అనుకోరు. అక్కడికెళ్లి ప్లేటులో పెట్టాక వద్దంటేనే నొచ్చుకుంటారు.

నీతో ఒకే ఇంట్లో ఉండే పిల్లలు ఎంతమంది ఉంటే అంతమందీ వంతులేసుకుని వండండి, రాత్రిపూట కలిసి తినండి. అదొక్కటీ కుదిరితే రెడీమీల్స్ వాటంతటవే తగ్గుతాయి.

వచ్చాక మొదటి ఆదివారం మా ఇంటికి రా, రోస్ట్ చేస్తాను. బీఫ్ కాదులే, కోడి. యార్క్‌షైర్ పుడ్డింగ్ పెడతాను, పేరు చూసి తీపనుకోకు, గ్రేవీ పోసుకుని తినేది. అన్నట్టు, కుక్కర్ ఇండక్షన్ మీద పనిచేసేదే కొనమని మీ అమ్మకి చెప్పు. మీరు ఉండబోయే చోట గ్యాస్ ఉండకపోవచ్చు. గాస్కెట్ ఇంకోటి కూడా వేసుకో.

మీ పెద్దమ్మ