సొంత ఊరికి ఆసుపత్రి కట్టించిన ఫుట్‌బాలర్ సాడియో మానే

ఫుట్‌బాల్ స్టార్లు చేసే సేవ అంతా పేరు కోసమేనా, నిజంగా పుట్టిన ఊరిని పట్టించుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. ఉన్నారండీ. నాకు వెంటనే గుర్తొచ్చేది సెనెగల్ ఆటగాడు సాడియో మానే.

నేను 12 ఏళ్లుగా స్కూలు పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తున్నాను. ఒకసారి సెలక్షన్‌కి ఒక అబ్బాయి వచ్చాడు. కుడి బూటు ముందుభాగం ఊడిపోతే పురికొసతో కట్టుకున్నాడు. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "వీటితో ఎలా ఆడతావురా?" వాడు తల దించుకున్నాడు. ఆ తర్వాత కొన్నాళ్లకు మానే ఇంటర్వ్యూ ఒకటి చదివాను. సెనెగల్ రాజధాని డాకర్‌లో సెలక్షన్‌కి వెళ్లినప్పుడు ఒక పెద్దాయన అతని చిరిగిన బూట్లు, నిక్కరు చూసి అచ్చం ఇదే ప్రశ్న అడిగాడట. ఆ మాట చదివాక చాలాసేపు ఇంకేమీ చదవలేకపోయాను. ఆ అబ్బాయి తల దించుకోవడమే కళ్ల ముందు కదిలింది.

మానే 1992లో సెనెగల్ దక్షిణాన బంబాలి అనే పల్లెలో పుట్టాడు. తండ్రి ఇమామ్. ఇంట్లో భక్తి ఎక్కువ, ఆటను ఎవరూ పెద్దగా మెచ్చుకునేవాళ్లు కాదు. 15 ఏళ్లప్పుడు ఎవరికీ చెప్పకుండా డాకర్ పారిపోయాడు. ఇంట్లోవాళ్లు వెతికి వెనక్కి తీసుకొచ్చారు. ఒక్క ఏడాది చదువుతాను, తర్వాత నన్ను ఆడుకోనివ్వాలి అని షరతు పెట్టి ఒప్పించాడు.

ఆ తర్వాత ఫ్రాన్స్‌లో మెట్జ్, ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్, ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్, ఆపైన లివర్‌పూల్ క్లబ్బులకు ఆడాడు. 2015లో ఆస్టన్ విల్లా మీద 2 నిమిషాల 56 సెకన్లలో మూడు గోల్స్ కొట్టాడు. ఇంగ్లండ్ క్లబ్బుల పెద్ద పోటీ అయిన ప్రీమియర్ లీగ్‌లో అంత వేగంగా హ్యాట్రిక్ అంతకుముందు ఎవరూ కొట్టలేదు. 2019లో లివర్‌పూల్‌తో యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ ఛాంపియన్స్ లీగ్ గెలిచాడు.

కానీ నాకు మర్చిపోలేని మ్యాచ్ 2022 ఫిబ్రవరి 6న ఈజిప్టుతో ఆడిన ఆఫ్రికా కప్ ఫైనల్. ఏడో నిమిషంలో మానే కొట్టిన పెనాల్టీని గోల్‌కీపర్ ఆపేశాడు. అదనపు సమయం అయిపోయినా ఒక్క గోల్ పడలేదు. చివరికి రెండు జట్లూ వంతులవారీగా పెనాల్టీలు కొట్టే షూటౌట్‌లో గెలిపించే కిక్ కొట్టాల్సింది మళ్లీ మానేనే. టెన్షన్‌తో నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఈసారి గోల్. సెనెగల్‌కి అదే మొదటి ఆఫ్రికా కప్. ముందు తప్పిన కిక్కు మనసులో ఉండగా మళ్లీ బంతి ముందు నిలబడటం ఎంత కష్టమో పిల్లలతో మైదానంలో ఉండేవాళ్లకు బాగా తెలుసు.

ఇక మీ అసలు ప్రశ్న. మానేకు ఏడేళ్లప్పుడు, బంతాట మొదలుపెట్టబోతుంటే బంధువుల అబ్బాయి వచ్చి మీ నాన్న పోయాడని చెప్పాడు. ఊళ్లో ఆసుపత్రి లేదు. కడుపునొప్పితో ఉన్న ఆయన్ని వైద్యం కోసం వేరే ఊరికి తీసుకెళ్లారు, అక్కడే పోయారు. పెద్దయ్యాక మానే బంబాలిలో ముందు బడి కట్టించాడు, 2021లో ఆసుపత్రి తెరిపించాడు. పేరు కోసమే అయితే రాజధానిలో నలుగురి కళ్లపడే చోట ఏదైనా కట్టించేవాడు. తనకు ఏది లేక తండ్రి పోయాడో, దాన్నే ఆ పల్లెలో కట్టించాడు. ఆసుపత్రి లేకపోవడం వల్లే తన సోదరి కూడా ఇంట్లోనే పుట్టిందని అతను ఒకచోట చెప్పాడు. ఇప్పుడు ఆ ఆసుపత్రిలో కాన్పులు చేస్తున్నారు.